మీ సీతాఫలం చెట్టు మగది కాదు, కొట్టించకండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. బెంగళూరు రామమూర్తినగర్‌లో ముప్పై అడుగులకు నలభై అడుగుల సైటులో ఇల్లు. ప్రహరీ పక్కన రెండు మూరల వెడల్పున వదిలిన మట్టిలో ఐదేళ్ల కిందట సీతాఫలం మొక్క నాటారు. రెండేళ్లుగా ఏప్రిల్ వచ్చిందంటే పూతే పూత, కాయ మాత్రం నిలవడం లేదు. పోయిన ఏడు నిలిచినవి రెండే, అందులో ఒకటి నల్లబడి రాయిలా ఎండిపోయింది. మొక్క అమ్మినాయన "ఇది మగచెట్టు, తీసేసి వేరేది పెట్టుకోండి" అన్నాడు. ఎలాగూ తీసేస్తున్నాం కదా, ఆ చోట లక్ష్మణ ఫలం పెడదామని మీ మామగారి కోరిక. అది క్యాన్సర్‌కు మందని ఎవరో ఆయన ఫోనుకు పంపారు.

ముందు గొడ్డలి లోపల పెట్టండి. సీతాఫలంలో మగచెట్టు, ఆడచెట్టు అని లేవు. బొప్పాయిలో ఉన్నాయి, తాటిలో ఉన్నాయి. ఆ మాట విని విని, కాయని ప్రతి చెట్టునూ మగచెట్టు అనడం అమ్మేవాళ్లకు అలవాటైపోయింది, ఇంకో మొక్క అమ్ముడుపోతుంది కూడా. సీతాఫలంలో ప్రతి పువ్వూ ఆడదే, ప్రతి పువ్వూ మగదే. కాకపోతే రెండూ ఒకే వేళ కాదు. మీ చిక్కంతా అక్కడే ఉంది.

నేను పుట్టింది పాలమూరు జిల్లాలో, బాలానగర్‌కు దగ్గర్లోనే. సీతాఫలానికి పేరుమోసిన బాలానగర్ రకం ఆ ఊరి పేరు పెట్టుకున్నదే. దసరా ముందు గుట్టల మీద నుంచి గంపలు దిగేవి. ఆ చెట్లకు నీళ్లు పోసినవాళ్లు లేరు, ఎరువు వేసినవాళ్లు లేరు. అలాంటి చెట్టుకు సేవ అవసరమా అన్న ధీమాతో ఇరవై ఏడేళ్ల కిందట బెంగళూరు వచ్చి, కేఆర్ పురం అవతల ఇల్లు కట్టుకున్నాక పెరట్లో గింజ పాతాను. మూడో ఏటి నుంచి పూత. ఆ తర్వాత మూడేళ్లు అచ్చం మీ కథే. రోజూ పొద్దున చెట్టు కింద రాలిన పూలు ఊడ్చి పోసేవాణ్ని. ఇప్పుడు నాలుగు సీతాఫలాలు, ఒక రామాఫలం, ఒక లక్ష్మణ ఫలం ఉన్నాయి, ఏటా ఇరుగుపొరుగుకు పంచేంత కాయ వస్తుంది. మధ్యలో మారింది చెట్టు కాదు, నేను.

రేపు పొద్దున్నే చెట్టు దగ్గరికి వెళ్లి పువ్వులు పరీక్షగా చూడండి. తలకిందులుగా వేలాడే, ఆకుపచ్చని, అంగుళం పొడవు పువ్వులు. మందంగా, తోలులా ఉన్న మూడు రేకులు. కొన్ని పూలలో ఆ రేకుల కొసలు సన్నని సందు ఇచ్చి విడివడి ఉంటాయి, అంతకు మించి తెరుచుకోవు. అది ఆడ దశ. వేలితో ఒక రేకును మెల్లగా పక్కకు వంచి లోపల చూస్తే చిన్న బొడిపె, దాని కొన మీద తేనె రాసినట్టు తడి మెరుపు కనిపిస్తాయి. ఆ తడి ఉన్నంతసేపే పుప్పొడిని పట్టుకుంటుంది. మరికొన్ని పూలలో మూడు రేకులూ బార్లా తెరుచుకుని ఉంటాయి. అవి మగ దశలోకి వచ్చినవి. ఆ పువ్వును అరచేతి మీద తడితే లేత మీగడ రంగు కేసరాలు పొడిపొడిగా రాలుతాయి. ఈలోగా లోపలి బొడిపె ఎండిపోయి ఉంటుంది, ఇక దాని మీద పుప్పొడి పడ్డా లాభం లేదు.

అంటే ఒక పువ్వు తన పుప్పొడితో తాను కాయ కట్టలేదు. పక్కన ఇంకో పువ్వు మగ దశలో ఉండాలి, దాని పుప్పొడిని ఎవరో ఒకరు మోసుకుని ఆడ దశ పువ్వులోకి, ఆ సన్నని సందులోంచి దూరాలి. తేనెటీగకు ఆ సందులో పని లేదు, గాలికి అసలే లేదు. ఆ పని చేసేవి ఆవగింజ కన్నా కాస్త పెద్దగా ఉండే పెంకు పురుగులు. పులిసిన పండు వాసనకు వచ్చే జాతివి. పువ్వు ఇచ్చే వాసనా అలాంటిదే, ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. గుట్ట మీద రాలిన పండ్లు కుళ్లుతాయి, ఆకు చెత్త మేట వేస్తుంది, ఆ పురుగులు అక్కడే పుట్టి పెరుగుతాయి. మన ఇళ్లలోనో, పొద్దున లేస్తే రాలిన ఆకు కూడా మిగలకుండా ఊడ్చి కడిగేస్తాం. మీ ప్రహరీ చుట్టూ మొత్తం సిమెంటే అని మీరే రాశారు. పురుగు ఎక్కడ బతకాలి?

కాబట్టి ఆ పురుగు పని మీరే చేయండి. బొమ్మలు వేసే సన్నని మెత్తని బ్రష్షు, ఒక చిన్న గిన్నె చాలు. పొద్దున ఎండ చురుక్కుమనక ముందు, బార్లా తెరిచిన పూలు ఎనిమిదో పదో కోసి గిన్నెలో దులపండి. బ్రష్షును ఆ పొడిలో అద్ది, ఆడ దశలో ఉన్న పువ్వు రేకును పక్కకు వంచి, లోపలి బొడిపె చుట్టూ రెండు మూడు సార్లు తిప్పండి. చుట్టూ అన్నాను, గమనించండి. సీతాఫలం ఒక పండు కాదు, కలిసిపోయిన అనేక చిన్న పండ్ల ముద్ద. పైన కనిపించే ఒక్కో కన్ను ఒక్కో పండు. పుప్పొడి అందిన చోట గింజ కట్టి, దాని చుట్టూ తొన పెరుగుతుంది. అందని వైపు కన్ను లేవదు. సంతలో ఒక పక్క ఉబ్బి ఒక పక్క నొక్కుకుపోయిన కాయలు చూసే ఉంటారు, వాటిలో చాలావాటి కథ ఇదే. నేను మొదటి ఏడు ఒకవైపే రాసి, వంకర కాయలు పండించి, వాటినే గొప్పగా ఫొటోలు తీసి అక్కకు పంపాను.

గంటల గురించి అడుగుతారేమో. గడియారాన్ని నమ్మకండి, పువ్వును నమ్మండి. ఎండను బట్టి, తేమను బట్టి దశలు ముందూ వెనకా అవుతాయి. ఒక పూట పొద్దున, ఒక పూట సాయంత్రం వెళ్లి వారం చూస్తే మీ చెట్టు వేళలు మీకే తెలుస్తాయి. రోజుకు పది పదిహేను పూలకు మించి చేయకండి. ఐదేళ్ల చెట్టు, ఇంత ఇరుకు మట్టి, ముప్పై కాయలు మోస్తే గొప్ప. సన్న కొమ్మల చివర ఉన్న పూలు వదిలేసి, కాస్త లావు కొమ్మ మీద ఉన్నవి చూసుకోండి, కాయ బరువుకు కొమ్మ వాలదు. పట్టిన పువ్వుకు రేకులు రాలినా తొడిమ పచ్చగా నిలుస్తుంది, పట్టనిది తొడిమతో సహా రాలిపోతుంది.

బ్రష్షు పట్టే ఓపిక లేని వాళ్లకు ఇంకో దారి ఉంది. చెట్టు మొదట్లో మెత్తబడిన అనాస తొక్కలు, పండిన అరటి తొక్కలు వేసి ఉంచితే ఆ వాసనకు పెంకు పురుగులు వస్తాయి. నేను ఒక ఏడు చేశాను. పురుగులు వచ్చాయి, కాయలూ పెరిగాయి, వాటితో పాటు ఈగలూ వచ్చాయి, ఈగల వెనక పక్కింటి ఆవిడ కూడా వచ్చింది. ముప్పై నలభై సైట్లలో ఇది కుదిరే పని కాదు.

ఏప్రిల్ పూత రాలిపోతోందని బాధపడుతున్నారు కదా, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో బెంగళూరు గాలి పొడిగా ఉంటుంది. ఆ ఎండకు పువ్వులోని తడి గంటల్లో ఆరిపోతుంది, పురుగు ఉన్నా లాభం తక్కువ. మామిడి వానలు నాలుగు పడి, మే నెలలో గాలిలో తేమ పెరిగాక వచ్చే పూతే కాయ కడుతుంది. ఇప్పుడు మే సగం. మీరు సరైన వేళకే అడిగారు. వాన పడని రోజుల్లో పొద్దున చెట్టు చుట్టూ నేలను తడిపి, ఆకుల మీద కూడా కాస్త నీళ్లు చిలకరించండి. ఇప్పుడు పట్టిన కాయ నాలుగు నెలలకు, అంటే సెప్టెంబరు, అక్టోబరు నాటికి కోతకు వస్తుంది.

వచ్చే ఏటికి ఒక పని గుర్తుపెట్టుకోండి. సీతాఫలం చలికాలంలో ఆకు రాల్చే చెట్టు. పాలమూరులో నీటి ఎద్దడికి అదే రాల్చుకుంటుంది. ఇక్కడ చలి ఓ మోస్తరు, పైగా మనం రోజూ నీళ్లు పోస్తాం, అందుకని చాలా చెట్లు సగం పాత ఆకుతోనే కొత్త ఏడు మొదలుపెడతాయి. ఆకు ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ ఒక ఆకును తొడిమ మొదలంటా తుంచి చూడండి. తొడిమ అడుగు బోలుగా ఉండి, కొత్త మొగ్గను టోపీలా కప్పి ఉంచుతుంది. ఆకు ఊడితే తప్ప ఆ మొగ్గకు బయటకు దారి లేదు. అందుకే తోటల వాళ్లు జనవరిలో నీళ్లు ఆపి చెట్టును ఎండబెడతారు. మీరూ డిసెంబరు చివర నుంచి నెల, నెలన్నర నీళ్లు తగ్గించి, ఫిబ్రవరిలో మిగిలిన ఆకును చేత్తో దూసేయండి. అప్పుడే ఎండు కొమ్మలు, లోపలికి పెరిగినవి తీసేసి, పోయిన ఏటి రెమ్మలను మూడో వంతు కత్తిరించండి. పూత ఎక్కువగా వచ్చేది కొత్త చిగురు మీదే. తర్వాత రెండు తట్టల మాగిన పశువుల ఎరువు వేసి నీళ్లు మొదలుపెట్టండి. ఒక్కటే జాగ్రత్త, నీళ్లు నిలవకూడదు. రాళ్లలో బతికే చెట్టు ఇది, ఎండకు చావదు, బురదకు చస్తుంది.

నల్లబడి ఎండిన కాయను మా వైపు రాయికాయ అంటాం. లేత కాయ పెరగడం ఆగి, గోధుమ రంగుకు తిరిగి, గట్టిపడి కొమ్మకే అతుక్కుని ఉంటుంది. చెట్టు మోయలేనన్ని కాయలు పట్టినప్పుడు కొన్ని ఇలా అవుతాయి, బూజు తెగులు వల్లా అవుతాయి. మీది రెండు కాయల చెట్టు కాబట్టి తెగులే అనుకుంటున్నాను. అది ఇంకా కొమ్మకే ఉంటే వెంటనే తుంచి చెత్తబండికి ఇచ్చేయండి, చెట్టు కింద పడేయకండి.

కాయల కళ్ల సందుల్లో తెల్లని పిండి లాంటిది కనిపిస్తే అది పిండినల్లి. సీతాఫలానికి అసలు శత్రువు ఇదే. దానికి కాపలా కాసేవి చీమలు, దాని తీపి మలం కోసం. చీమలు మొదలు మీదుగా ఎక్కకుండా కాండానికి వెడల్పాటి టేపు చుట్టి దాని మీద గ్రీజు రాయండి, సగం జబ్బు పోతుంది. మిగతా సగానికి సబ్బు నీళ్లలో వేపనూనె కలిపి, సాయంత్రం పూట కాయ సందుల్లోకి గట్టిగా కొట్టాలి. కొట్టే ముందు ఆ తెల్లనివి కదులుతున్నాయేమో చూడండి. క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు జాతి ఒకటి ఉంది, పిండినల్లిని తింటుంది, 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చారు. దాని పిల్ల పురుగు ఒంటి నిండా తెల్లని పోగులతో అచ్చం పెద్ద పిండినల్లిలా ఉంటుంది. చురుగ్గా నడిచే పెద్ద పిండినల్లి కనిపించిందంటే అది మీ స్నేహితుడే. నేను ఒక ఏడు వాటిని శత్రువులనుకుని ఒక్కొక్కటిగా నలిపి చంపాను. ఇలాంటి మేలు చేసే పురుగుల మీద పని చేసే జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో మన హెబ్బాళలోనే ఉంది.

కాయ కోసే వేళ. కళ్లు దూరం జరిగి, మధ్య సందులు లేత పసుపుకో మీగడ రంగుకో తిరిగితే కాయ ముదిరినట్టు. కళ్లు విచ్చని కాయను కోసి బియ్యం డబ్బాలో ఎన్నాళ్లు దాచినా ముడుచుకుపోతుందే తప్ప మాగదు. ముదిరిన కాయ రెండు మూడు రోజుల్లో మాగుతుంది. మాగని కాయను ఫ్రిజ్జులో పెట్టకండి, తొక్క నల్లబడుతుంది, లోపల రుచి పుట్టదు.

ఇప్పుడు లక్ష్మణ ఫలం సంగతి. సీతాఫలం, రామాఫలం, లక్ష్మణ ఫలం మూడూ అనోనా అనే ఒకే ప్రజాతి. ఆ పేరు కరీబియన్ దీవుల వాళ్లు ఈ పండును పిలిచే అనోన్ అనే మాట నుంచి వచ్చింది, మొక్కలకు శాస్త్రీయ పేర్లు పెట్టిన లిన్నేయస్ 1753లో దాన్ని పుస్తకానికి ఎక్కించాడు. పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికా ఉష్ణమండలం, కరీబియన్ దీవులు. మన దేశానికి పోర్చుగీసు ఓడల్లో వచ్చిందన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాట. మధ్యప్రదేశ్‌లోని భర్హుత్ బౌద్ధ స్తూపం శిల్పాల్లో సీతాఫలం ఉందని పురావస్తు పరిశోధకుడు కన్నింగ్‌హామ్ అనడంతో అంతకు ముందే ఇక్కడ ఉండేదన్న వాదం కూడా ఒకటి నడుస్తోంది. శిల్పంలోని గుండ్రని బుడిపెల కాయ ఏదైనా కావచ్చని నా అభిప్రాయం. పరాయి దేశపు పండుకు సీతమ్మ పేరు పెట్టి, వరసగా రాముణ్ని, లక్ష్మణుణ్ని కూర్చోబెట్టిన మనవాళ్ల చమత్కారం మాత్రం నాకు ఇష్టం. సికింద్రాబాదులో ఒక పేటకే సీతాఫల్‌మండి అని పేరు పడింది. ఆండీస్ కొండల్లో పండే, ఇదే ప్రజాతికి చెందిన చెరిమోయాను ఈ మధ్య కొందరు హనుమాన్ ఫలం అని అమ్ముతున్నారు, వరస ఇంకా సాగుతూనే ఉంది.

లక్ష్మణ ఫలం మెత్తని ముళ్లున్న పెద్ద కాయ, పులుపు ముందు, తీపి తర్వాత. రసానికి, ఐస్‌క్రీముకు బాగుంటుంది. ఏడాది పొడవునా పచ్చగా ఉండే చెట్టు, వెచ్చని పల్లపు నేలలంటే ఇష్టం. బెంగళూరు చలికి బతుకుతుంది కానీ నెమ్మదిగా పెరుగుతుంది. మీ రెండు మూరల మట్టికి అది పెద్ద చెట్టే, దానికీ ఆ బ్రష్షు సేవ తప్పదు.

క్యాన్సర్ మందు అన్న మాటకు మూలం ఇది. ఈ జాతి ఆకుల్లో, గింజల్లో ఎసిటోజెనిన్లు అనే పదార్థాలుంటాయి, అవి ప్రయోగశాలలో గాజు పాత్రల్లోని క్యాన్సర్ కణాలను చంపాయి. గాజు పాత్రలో కణాలను చంపేవి చాలా ఉన్నాయి. లక్ష్మణ ఫలం తిని మనిషికి క్యాన్సర్ తగ్గిందని చికిత్సా పరీక్షల్లో రుజువు లేదు. పైగా అదే పదార్థాలు నాడీ కణాలకూ విషమే. కరీబియన్‌లోని గ్వాడలూప్ దీవిలో ఈ పండు, దీని ఆకు కషాయం బాగా వాడేవారిలో, మామూలు మందులకు లొంగని పార్కిన్సన్స్ తరహా జబ్బు ఎక్కువగా కనిపించిందని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. దానికి ఇదే కారణమని తేల్చలేదు, సంబంధం కనిపించిందన్నారు. అప్పుడప్పుడు ఒక పండు తింటే భయపడాల్సిందేమీ లేదు. రోజూ ఆకు కషాయం మాత్రం మా ఇంట్లో నేను తాగను, తాగనివ్వను. మీ మామగారు వైద్యం తీసుకుంటున్నట్టయితే ఆ సందేశం సంగతి ఆయన డాక్టరుకే చూపించండి, నా మాట కన్నా ఆయన మాటకు బరువుంటుంది.

గింజల గురించి కూడా ఒక మాట, ఇంట్లో పిల్లలున్నారన్నారు కాబట్టి. పేలకు సీతాఫలం గింజల పొడి రాయడం మన అమ్మమ్మల కాలం నుంచి ఉన్నదే, పేలు చస్తాయి కూడా. కానీ ఆ పొడి కంట్లో పడితే మంట, వాపుతో ఆగదు, నల్లగుడ్డు పై పొర దెబ్బతింటుంది. కంటి ఆసుపత్రులకు ఇలాంటి కేసులు వస్తుంటాయి. పిల్లల తలకు ఆ వైద్యం వద్దు. గింజ పొరపాటున మింగితే గట్టి పెంకు వల్ల అలాగే బయటకు పోతుంది, నమలకూడదు, మిక్సీలో వేయకూడదు. రసం తీసేటప్పుడు ముందే గింజలు తీసేయండి. ఆ చేదు, ఆ విషమే ఆకులోనూ ఉంది, అందుకే గుట్టల మీద మేకలు అన్నీ మేసి సీతాఫలాన్ని వదిలేస్తాయి, పురుగుల మీద కొట్టే దశపర్ణి కషాయంలో రైతులు ఈ ఆకు వేస్తారు.

ఇంకో అనోనా పెట్టాలన్న కోరిక తీరకపోతే రెండు మాటలు. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క సహన్ అనే సంకర రకం ఉంది. దాని తల్లి ఐలాండ్ జెమ్ అనే అటిమోయా, తండ్రి మమ్మత్ అనే సీతాఫలం. అటిమోయా అంటే సీతాఫలానికీ చెరిమోయాకూ పుట్టిన సంకరం, 1908లో ఫ్లోరిడాలో మొదటిసారి చేశారు. అర్క సహన్‌లో గింజలు తక్కువ, తీపి ఎక్కువ, మెల్లగా మాగుతుంది, అంటుమొక్కనే కొనాలి. పుప్పొడి చేత్తో పెడితేనే బాగా కాస్తుంది, మీరు ఎలాగూ నేర్చుకుంటున్నారు. మీ సీతాఫలం చెట్టు పుప్పొడి దానికి పనికొస్తుంది, పాత చెట్టును ఉంచమనడానికి అదింకో కారణం. రెండోది రామాఫలం. రుచిలో సీతాఫలానికి ఒక మెట్టు కింద, కానీ సీతాఫలం అయిపోయాక ఎండాకాలం మొదట్లో చేతికొస్తుంది. రెండిటికీ మట్టిలో చోటు లేకపోతే మిద్దె మీద రెండు వందల లీటర్ల డ్రమ్మును సగానికి కోయించి, అడుగున బెజ్జాలు పెట్టించి నాటండి.

రేపు పొద్దున పువ్వుల ఫొటోలు రెండు దశలవీ తీసి పెట్టండి, ఏది ఏదో నేను చెబుతాను. బ్రష్షు మెత్తనిది కొనండి, పిల్లల గట్టి బ్రష్షుతో మొదటి ఏడు నేను బొడిపెలు గీరేశాను.